మేకల లోయ మూసిన రోజు

మూడు రోజులు ఆగకుండా మంచు కురిసింది. నాలుగో రోజు ఆకాశం కడిగిన పళ్ళెంలా తేటగా తెల్లవారింది. సెలవులకొచ్చినవాళ్ళకి అలాంటి రోజు పండగ. మాకు ఒళ్ళుమంట. మంచు పడుతున్నంతసేపూ జనం గదుల్లో కూచుని చీజు కరిగించుకు తింటారు, మా జోలికి రారు. ఎండ కాసిందంటే మూడు రోజుల ఆకలీ ఒక్కసారిగా కొండ మీదికి ఎక్కొస్తుంది.

నా పేరు ఒడీల్. ఫ్రాన్సులో సవొయ్ కొండల్లో, మా ఊరి స్కీ వాలుల మీద పదిహేడు శీతాకాలాలుగా గస్తీ పని చేస్తున్నాను. వేసవిలో మా అన్నయ్య ఆవుల్ని పై మేతలకి తోలుకెళ్తాను. గస్తీ అంటే ఎర్రకోటు వేసుకుని ఎక్కణ్ణించో జారుకుంటూ వచ్చి, ప్రాణాలు కాపాడి, చెయ్యూపి వెళ్ళిపోవడం అనుకుంటారు చాలామంది. అదీ ఉంది, ఏడాదికి రెండు మూడుసార్లు. మిగతా రోజులన్నీ కర్రలు పాతడం, తాళ్ళు కట్టడం, వలలు బిగించడం, రాయి తేలినచోట గుర్తు పెట్టడం, మెలిపడిన మోకాళ్ళని మంచుబండి మీద కిందికి దించడం. తిట్లు తినడం కూడా పనిలో భాగమే, ఒప్పందంలో మాత్రం రాయరు.

ఆ పొద్దున ఆరింటికి నేనూ మా నాయకుడు బస్తియానూ జనం రాకముందే వదులు మంచుని కూల్చడానికి పేలుడు పొట్లాలు మోసుకుని మేకల లోయ పై అంచుకి చేరాం. మా స్కీ స్టేషన్‌లో అందరి కళ్ళూ ఆ వాలు మీదే. పైన వెడల్పుగా మొదలై, మధ్యలో గరాటులా ఇరుకై, కింద మళ్ళీ పరుచుకుంటుంది. ఎడమవైపు మొదటి పొట్లానికే మంచు విరిగి బుసబుసమంటూ దిగిపోయింది. కుడివైపు మాత్రం రెండు పొట్లాలు వేసినా నల్లగా రెండు గుంటలు పడ్డాయి తప్ప అంగుళం కదల్లేదు. మూడు రోజులుగా గాలి మోసుకొచ్చి అక్కడ కుదించిన మంచు అది. కింద పాత మంచు పంచదారలా పొడిపొడిగా ఉంది, పైన కొత్తది పలకలా బిగిసింది.

"ఇంకోటి వేద్దామా?" అన్నాడు బస్తియాన్.

"వేసినా ఇంతే. ఎక్కడో గట్టిగా పట్టుకునుంది. ఎప్పుడు వదుల్తుందో ఆ పలకకే తెలీదు."

"అయితే మూసేద్దాం. మదాం గిరోకి నువ్వే చెప్పు."

"నేనెందుకు? నాయకుడివి నువ్వు కదా."

"నువ్వు చెబితే అరవదు."

అరవలేదు, నిజమే. మదాం గిరో లిఫ్టుల డైరెక్టరు. ఆవిడ కోపమొస్తే గొంతు తగ్గిస్తుంది. ఎనిమిదిన్నరకి రేడియోలో మెల్లగా అడిగింది: "ఒడీల్, ఊరంతా నిండి ఉంది. పోస్టర్ల మీద వేసింది ఆ లోయ బొమ్మే. మధ్యాహ్నానికి తెరుస్తారా?"

"తెరవం, మదాం."

"పోనీ, మూడింటికి?"

"మదాం, ఆ మంచు మన పోస్టర్లు చూళ్ళేదు."

రేడియో గరగరలాడింది. తర్వాత, "సరే, మీ ఇష్టం," అంది. మీ ఇష్టం అన్న మాటని అంత కష్టంగా పలకడం ఆవిడకే చేతనవును.

చిక్కేమిటంటే, లోయ పైకి వెళ్ళే కుర్చీ లిఫ్టుని ఆపలేం. అది దిగినచోట రెండు దారులు. ఎడమకి వెళ్తే పిల్లలు కూడా దిగగల తేలిక వాలు, కుడికి వెళ్తే మేకల లోయ. రెండో దారికి అడ్డంగా పసుపు నలుపు చారల తాడు కట్టి, 'మూసివేయబడింది, మంచుచరియల ప్రమాదం' అని నాలుగు భాషల్లో పలక వేలాడదీసి పక్కన నిలబడ్డాను. మామూలుగా అక్కడ ఇద్దరం ఉండాలి. ఆ వారం ఇద్దరు జ్వరంతో పడుకున్నారు, కాబట్టి ఒక్కదాన్నే.

పన్నెండింటిలోగా ఎన్ని మాటలు పడ్డానో లెక్కపెట్టుకోలేదు. పొద్దుటికీ మధ్యాహ్నానికీ మాట మారదు, మనుషులే మారతారు.

"ఎవరు మూయమన్నారు?"

"నేనే."

"మీకంటే పైవాళ్ళెవరు?"

"పైన మంచే ఉంది. వెళ్ళి అడగండి."

ఒకడు ఫోన్ తీసి నా మొహం వీడియో తీశాడు, ఈ మనిషే మా సెలవులు పాడుచేసింది అంటూ. ఒక పెద్దావిడ తాడు కింద నుంచి సెల్ఫీ కర్ర దూర్చి, "ఇక్కణ్ణించి ఒక్క ఫోటో," అంది. ఆవిడ ఫోటో తీసుకుంటుండగా ఆవిడ మనవడు రెండో పక్కనుంచి వంగబోతే కాలరు పట్టుకుని లాగాను. "మా పిల్లాడి మీద చెయ్యి వేస్తారా?" అని ఆవిడ నా మీదికొచ్చింది. ఆ పిల్లాడు ఇరవయ్యేళ్ళ వాడు, నాకంటే జానెడు పొడుగు.

వాళ్ళందరిలోకీ ఒకతను నాకు నచ్చాడు. పేరు వౌటర్. బావమరిదినీ ఇద్దరు స్నేహితుల్నీ వెంటబెట్టుకొచ్చాడు, పచ్చకోటు, గడ్డం నిండా మంచు.

"మేం బెల్జియంలో గెంట్ నుంచి పన్నెండు గంటలు కారు తోలుకుంటూ వచ్చామండీ," అన్నాడు.

"క్షేమంగా వచ్చారు కదా. అలాగే వెళ్ళండి."

"అక్కడ ప్రమాదమేముంది? చూడండి ఎంత నున్నగా ఉందో."

"నున్నగా ఉండడమే ప్రమాదం."

"నేను పళ్ళ డాక్టర్ని. మా దగ్గరకొచ్చినవాళ్ళకి కారణం చెప్పకుండా ఏ పనీ చెయ్యం."

"సరే వినండి. పన్ను పైకి తెల్లగా ఉంది, లోపల పుచ్చింది. కదిపారంటే దవడంతా ఊడొస్తుంది. చాలా?"

అతను పెద్దగా నవ్వాడు. "చాలు డాక్టరుగారూ," అని మిగతా ముగ్గుర్నీ తోలుకుని ఎడమ దారి పట్టాడు. అలాంటివాడు రోజుకొక్కడు దొరికినా ఈ పని హాయిగా చేసుకోవచ్చు అనుకున్నాను.

ఒంటిగంట దాటాక అంబ్రోయిజ్ వచ్చాడు.

అంబ్రోయిజ్‌కి డెబ్భై రెండు. ముప్ఫై ఏళ్ళు మా గస్తీలో ఉన్నాడు, అందులో పద్నాలుగేళ్ళు నాయకుడు. నాకు పని నేర్పింది ఆయనే. మంచుని వేళ్ళ మధ్య నలిపి చూడ్డం, తాడు ముడి చేతి తొడుగులతోనే వేయడం, భయపడ్డ మనిషితో భయం గురించి కాక వాళ్ళ ఊరి గురించి మాట్లాడ్డం, అన్నీ. మా గస్తీలో తాత వయసువాడినైనా 'నువ్వు' అనే పిలుస్తాం. ఆయన్ని మొదటి రోజు నోరు జారి 'మీరు' అన్నందుకు నాచేత సాయంత్రం అందరికీ వైన్ పోయించాడు.

"ఏం పిల్లా, కాపలాకుక్కలా నించోబెట్టారే నిన్ను?"

"కుక్కయితే కరవచ్చు. నాకు ఆ సుఖం కూడా లేదు."

ఆయన తాడు మీద మోచేతులాన్చి లోయలోకి చూశాడు. ముక్కుతో గాలి పీల్చాడు. వంట రుచి చూస్తున్న మొహం పెట్టాడు.

"కుడిపక్క రాలేదు కదూ?"

"రాలేదు. రెండు వేశాం."

"మా రోజుల్లో అయితే ఎవడో ఒకడు నడుముకి తాడు కట్టుకుని దిగి చూసొచ్చేవాడు. మీరు కంప్యూటరు చూసి మూసేస్తారు."

"కంప్యూటరు కాదు. పొద్దున ఆరింటికి నేనే మోకాళ్ళ మీద కూచుని తవ్వి చూశాను."

"ఆ చివరి అంచు పట్టుకుని రాతి మీదుగా దిగితే చారెడు మంచు కదలదు. ఎన్నిసార్లు దిగానో!"

"నువ్వు దిగితే కదలదేమో. నీ వెనక వచ్చేవాడు అంచు మీదే ఉంటాడా?"

ఆయన తాడు మీంచి మోచేతులు తీశాడు. నేను ఊరుకుని ఉంటే సరిపోయేది. కానీ చాలా రోజులుగా నోటి చివర ఆగిన మాట ఒకటి ఉంది.

"ఇంకోటి, అంబ్రోయిజ్. ఆ కోటు మార్చు."

ఆయన ఒంటిమీద పాత గస్తీ కోటు. రిటైరైనప్పుడు వీపు మీది గస్తీ గుర్తు, తెల్ల శిలువని ఊడదీశారు. కానీ బట్ట వెలిసిపోయి, శిలువ ఉన్నచోట మాత్రం ఎరుపు ముదురుగా మిగిలింది. దూరం నుంచి చూస్తే గస్తీ మనిషే.

"జనం నిన్ను మా మనిషి అనుకుంటారు," అన్నాను.

"మీ మనిషిని కానా?"

"అలా కాదు..."

"అర్థమైంది లే," అన్నాడు. కళ్ళద్దాలు దించుకుని ఎడమ దారిలో మెల్లగా జారిపోయాడు. బాధపెట్టానని తెలుసు. తర్వాత మాట్లాడదాంలే అనుకున్నాను.

ఒకటీ నలభైకి రేడియో పలికింది. తేలిక వాలు మధ్యలో ఒకావిడకి మోకాలు తిరిగింది, బాగా అరుస్తోంది.

"నువ్వే దగ్గర. వెళ్ళు," అన్నాడు బస్తియాన్.

"తాడు దగ్గరెవరుంటారు?"

"ఎవరూ లేరు. మన సెవ్రీన్ గాలింపు కుక్కతో అవతలి కొండ మీదుంది. మిగతావాళ్ళు ఇంకో ఇద్దర్ని దించుతున్నారు."

"బస్తియాన్, ఇక్కణ్ణించి కదిల్తే దాటేస్తారు."

"మరి ఆవిణ్ణి మంచులో పడుకోబెట్టి ఉంచమంటావా? ఇరవై నిమిషాలు. వెళ్ళు."

ఇందులో సరైన జవాబు లేదు. పన్నెండింటి నుంచీ ఇద్దరు కావాలని అడుగుతున్నాను. రెండో తాడు మోకాలి ఎత్తున కట్టాను. కర్రలు రెండు అడ్డంగా పాతాను. హెచ్చరిక పలకని మధ్యకి లాగి, మంచుబండి తీసుకుని దిగాను.

ఆవిడ ఒక టీచరు. తేలిగ్గానే దొరికింది కానీ నొప్పి ఎక్కువగా ఉంది, కట్టు కట్టడానికే పావుగంట పట్టింది. దారిపొడుగునా, "మీకు శ్రమ ఇచ్చాను, మీకు శ్రమ ఇచ్చాను," అంటూనే ఉంది. కింద వైద్యురాలికి అప్పగించి, పరుగున వెళ్ళి కుర్చీ లిఫ్టెక్కాను. రెండూ ఇరవై ఐదు.

ఆ లిఫ్టు సగం దూరం మేకల లోయ పక్కనుంచే వెళ్తుంది. మొదట ఒక్క గీత కనబడింది. కుడి అంచు వెంట, రాళ్ళని రాసుకుంటూ, చిన్న చిన్న వంపులు, ఒకదాని కొలత ఇంకోదానికి సరిగ్గా సరిపోయేలా. చేతిరాత గుర్తుపట్టినట్టు గుర్తుపట్టాను. అలా దిగగలిగేవాడు మా ఊళ్ళో ఒక్కడే. గీత చివర, గరాటు మెడ దగ్గర, పక్క రాతి మీద, ఎర్రకోటు నిలబడి వెనక్కి పైకి చూస్తోంది. రెండు చేతులూ ఊపుతోంది.

పైన నలుగురున్నారు.

ఇద్దరు ఆ గీతలోనే బెరుగ్గా దిగుతున్నారు. ఒకతను ఇంకా పై అంచు మీదే ఉన్నాడు. నాలుగో అతను, పచ్చకోటు, తన కోసం కొత్త మంచు కావాలనుకున్నాడు. గీత నుంచి ఎడమకి ఇరవై అడుగులు జరిగాడు. అంతే, ఇరవై అడుగులు.

నేను కుర్చీలో నిలబడబోయి కడ్డీకి గుద్దుకున్నాను. "ఆగండి! అంచుకి! అంచుకి రండి!" గొంతు చిరిగేలా అరిచాను. నా పక్కన కూచున్న ముసలి దంపతులు ఉలిక్కిపడ్డారు.

పెద్ద చప్పుడేం రాలేదు. బరువైన మనిషి పరుపు మీద కూలబడితే వచ్చే చప్పుడు, అదొక్కటే. పచ్చకోటు పైనుంచి లోయ అడ్డంగా ఒక గీత పాకింది, కత్తితో కోసినట్టు. మంచు పలక ముక్కలుగా విరిగి నడవడం మొదలుపెట్టింది. అతను రెండు సెకన్లు నిలబడే ఉన్నాడు, కదులుతున్న నేల మీద. తర్వాత నడుము దాకా, తర్వాత ఒక్క చెయ్యి, తర్వాత ఏమీ లేదు. గీతలో దిగుతున్న ఇద్దరూ రాళ్ళని కావిలించుకుని మిగిలారు.

రేడియో నొక్కాను. "మేకల లోయలో చరియ. కుడివైపంతా పోయింది. ఒక మనిషి లోపల. సెవ్రీన్‌ని కుక్కతో పంపు, హెలికాప్టర్ని పిలు." ఆ చెయ్యి చివరగా కనబడింది పెళ్ళిపీట లాంటి ఒక బల్లపరుపు రాతికి కొంచెం కింద. ఆ రాతి మీంచి కళ్ళు తిప్పకూడదు. తిప్పానంటే ఆ తెల్లదనంలో మళ్ళీ చోటు దొరకదు.

కుర్చీ దాని వేగానికి అది వెళ్తోంది. దిగడానికి ఇంకా నాలుగు నిమిషాలు. దూకితే నలభై అడుగులు. కాళ్ళు గాల్లో వేలాడేసుకుని, ఒక మనిషి ఊపిరి లోపల తరిగిపోతుంటే ఒక రాతిని చూస్తూ కూచోవడం ఎలా ఉంటుందో నేను చెప్పలేను. పక్కనున్న పెద్దాయన నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఆయన పేరు కూడా అడగలేదు.

పైన దిగేసరికి నా రెండో తాడు అలాగే ఉంది. దాని కిందనుంచీ మీదనుంచీ ఐదు జతల జాడలున్నాయి.

నేను చేరుకునేటప్పటికే అంబ్రోయిజ్ కిందనుంచి ఎక్కొచ్చి మంచు గుట్టల మీద వెతుకుతున్నాడు. ఆయన దగ్గర సిగ్నల్ పెట్టె ఉంది, పార ఉంది, గుచ్చి చూసే పొడవాటి కడ్డీ ఉంది. ఆ నలుగురి దగ్గర ఒక్కటీ లేదు. మంచులో పూడుకుపోయినవాడి ఒంటిమీద సిగ్నల్ పెట్టె లేకపోతే మా దగ్గరున్నది మూగదే. "రాతి కింద!" అని అరిచాను. ఇద్దరం వరసలో గుచ్చుకుంటూ వచ్చాం.  మా చేతులు పదిహేడేళ్ళ కిందటిలాగే ఒకే తాళానికి పడ్డాయి.

సెవ్రీన్ తొమ్మిదో నిమిషానికి వచ్చింది. ఆమె కుక్క మిర్తీయ్ ముక్కు కిందపెట్టి రెండు చుట్లు తిరిగింది. మేం గుచ్చుతున్నచోటికి ఎనిమిది గజాలు దిగువన ఆగి, ముందుకాళ్ళతో గీకడం మొదలుపెట్టింది.

తవ్వడంలో అంబ్రోయిజ్ మా అందరికంటే ముందున్నాడు. డెబ్భై రెండేళ్ళ మనిషి. ఎవరు ఎక్కడ నిలబడాలో, మంచు ఎటు విసరాలో ఆయనే చెప్పాడు, మేం విన్నాం. వౌటర్ బావమరిది ఏడుస్తూ చేతుల్తో మంచు తోడుతున్నాడు. తోడుతూనే, "మీరు వెళ్ళారు కదండీ," అన్నాడు అంబ్రోయిజ్‌తో. "గస్తీ ఆయనే వెళ్తున్నాడు, తెరిచినట్టున్నారు అని మేం వచ్చాం."

అంబ్రోయిజ్ పార ఒక్క క్షణం గాల్లో ఆగింది. మళ్ళీ దిగింది.

పదిహేడో నిమిషానికి పచ్చ బట్ట కనబడింది. నాలుగడుగుల లోతు. మొహం బూడిదరంగులో ఉంది. నోట్లో మంచు వేలితో తీసి, తల వెనక్కి వంచి ఊదాను. ఐదోసారికో ఆరోసారికో చిన్న దగ్గు వచ్చింది. అంత అసహ్యమైన చప్పుడు అంత సంతోషంగా ఎప్పుడూ వినలేదు.

మూడింటికి హెలికాప్టర్ అతన్ని గ్రెనోబుల్ ఆసుపత్రికి తీసుకెళ్ళింది. బతుకుతాడని అక్కణ్ణించి ఐదింటికి కబురొచ్చింది. తుంటి ఎముక విరిగింది, ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, కానీ బతుకుతాడు.

మా కర్ర గుడిసెలో కాగితాలు ముందేసుకుని కూచున్నాను. అంబ్రోయిజ్ బెంచీ మీద, బొబ్బలెక్కిన అరచేతులు మోకాళ్ళ మీద బోర్లించి కూచున్నాడు. బస్తియాన్ పోలీసులతో బయట ఉన్నాడు. రిపోర్టు నేనే రాయాలి.

"మీరు తాడు దాటినప్పుడు ఎంతయింది?" అన్నాను.

ఆయన తలెత్తాడు. "మీరా?"

"చెప్పండి."

"నన్ను మీరంటున్నావా ఒడీల్?"

"ఎంతయింది?"

"రెండూ పది." తల దించుకుని, "నువ్వక్కడ లేవు," అన్నాడు.

"తాడుంది."

"నేను వాళ్ళని పిలవలేదు. చూశాక ఆగమని చేతులూపాను."

"చేతులూపితే రమ్మంటున్నారనుకున్నారు. మీరు పిలవక్కర్లేదు, కోటు పిలిచింది."

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. ఆయన ముందుకి వంగాడు. "నా పేరు రాస్తావా?"

"రాస్తాను."

"నీకు ఈ పని నేర్పింది నేను."

"రిపోర్టులో ఏదీ వదలకూడదని నేర్పింది కూడా మీరే."

ఆయన లేచి వెళ్ళిపోయాడు. తలుపు మెల్లగానే వేశాడు. దడాల్న వేసినా బాగుండేది.

బస్తియాన్ లోపలికొచ్చి నా భుజం మీంచి చదివాడు. "ఆ పేరు తప్పనిసరా? తాడు దాటారు, చరియ వచ్చింది, తీశాం. అంత చాలు కదా. ఊరు ఊరంతా ఆయన చేతుల మీద స్కీ నేర్చుకుంది."

"అందుకే రాస్తున్నాను."

"నీతో పెట్టుకోలేం," అన్నాడు. సంతకం మాత్రం పెట్టాడు.

అక్కడితో అయిపోతుందనుకున్నాను. కానీ మర్నాటి నుంచి ప్రశ్నలన్నీ నావైపు తిరిగాయి. ఒకటీ నలభై నుంచి రెండున్నర దాకా మీరెక్కడున్నారు? తాడు ఎంత ఎత్తున కట్టారు? హెచ్చరిక పలక కనబడేలా ఉందా? పోలీసు అధికారి మర్యాదస్తుడే, కానీ ప్రతి ప్రశ్నా నేను తాడు కోసి జనాన్ని లోయలోకి తోలినట్టే వినబడింది. మదాం గిరో గొంతు ఇంకా తగ్గించి, "కాపలా వదిలి వెళ్ళడం అవసరమా?" అని అడిగింది. మోకాలు తిరిగిన టీచరుని కూడా పిలిచి విచారించారు, పాపం. ఇద్దరు కావాలని నేను రేడియోలో మూడుసార్లు అడిగిన సంగతి ఎవరి కాగితంలోనూ లేదు.

ఊళ్ళో ఇంకో రకం. రొట్టెల కొట్టులో నా ముందు ఆగిపోయిన మాటలు నేను బయటికి రాగానే మళ్ళీ మొదలయ్యేవి. మా వదిన అయితే మొహం మీదే అంది: "పెద్దాయన ప్రాణం పెట్టి తవ్వాడు. ఆయన్ని పోలీసుల ముందు నిలబెట్టావు. తండ్రి లాంటి మనిషి కదా."

"మా నాన్న తాడు దాటినా రాసేదాన్ని."

"నువ్వు రాస్తావు. అదే కదా నీతో వచ్చిన బాధ," అని ప్లేట్లు తీసుకెళ్ళిపోయింది.

మూడు వారాల తర్వాత వౌటర్ దగ్గర్నుంచి రెండు ఉత్తరాలొచ్చాయి. ఒకటి మేయరుకి. వాలు మూసి ఉందన్న హెచ్చరిక చాలలేదనీ, కాపలా మనిషి అక్కడ లేదనీ, గస్తీ యూనిఫాంలో ఉన్న మనిషే ముందు వెళ్ళడంతో తాము మోసపోయామనీ ఫిర్యాదు. రెండోది 'తన ప్రాణదాత అయిన ఎర్రకోటు పెద్దాయనకి' అని, మా ఆఫీసు చిరునామాకి. మీ చేతులు లేకపోతే నా పిల్లలకి తండ్రి లేడు అని రాశాడు. ఫోటో కూడా పెట్టాడు, ఇద్దరాడపిల్లలు, మధ్యలో చక్రాల కుర్చీలో అతను. ఏ కోటుని చూసి మోసపోయానన్నాడో ఆ కోటుకే దణ్ణం పెడుతున్నాడు. రెండు ఉత్తరాల్లోనూ ఉన్నది ఒకే మనిషని అతనికి తెలీదు. బావమరిది చెప్పలేదో, చెప్పినా తలకెక్కలేదో. నోట్లోంచి మంచు తీసిన నా పేరు గానీ, చోటు చూపించిన కుక్క పేరు గానీ ఎందులోనూ లేవు. నాకు లేకపోతే పోయింది. మిర్తీయ్‌కి ఒక ఎముకన్నా పంపాల్సింది.

బస్తియాన్ ఆ రెండో ఉత్తరాన్ని అంబ్రోయిజ్ ఇంట్లో ఇచ్చొచ్చాడు. నేను అడ్డు చెప్పలేదు. ఆ రాత్రి మాత్రం సరిగ్గా నిద్ర పట్టలేదు.

వారం తిరక్కుండానే మేయరు నన్ను పిలిచాడు. విచారణలో మాట పడుతుందనుకుని వెళ్ళాను. ఆయన ఒక కాగితం నా ముందుకి తోశాడు. అంబ్రోయిజ్ తనంతట తనే వచ్చి ఇచ్చిన వాంగ్మూలం. గుండ్రటి పెద్ద అక్షరాలతో ఆరే వాక్యాలు. తాడు ఉంది. రెండు తాళ్ళున్నాయి. ఒంటిగంటకి ఒడీల్ నాకు వెళ్ళొద్దని చెప్పింది, కోటు మార్చమని కూడా చెప్పింది. నేను వినలేదు. వాళ్ళు నన్ను చూసే వచ్చారు. గస్తీవాళ్ళ తప్పు లేదు.

ఆ మధ్యాహ్నమే ఆయనింటికి వెళ్ళాను. పెరట్లో కట్టెలు కొడుతున్నాడు, కోటు లేకుండా, స్వెటరుతో. నన్ను చూసి ఆపలేదు.

"చదివాను," అన్నాను.

"నీకోసం రాయలేదు."

"తెలుసు."

"ఆ పళ్ళ డాక్టరు నన్ను దేవుణ్ణి చేసి పెట్టాడు. మా ఆవిడ లుసియెన్ ఆ ఉత్తరం వచ్చినవాళ్ళందరికీ చదివి వినిపిస్తోంది. తిన్నది అరగట్లేదు నాకు." గొడ్డలి దింపాడు. కట్టె రెండు ముక్కలైంది. "అంచు మీద మంచు కదల్లేదు, చూశావా? నేను చెప్పినట్టే."

"చూశాను."

"మరి?"

"నేను చెప్పినట్టే మిగతాది కదిలింది."

ఆయన ఇంకో దుంగ నిలబెట్టాడు.  "ముప్ఫై ఏళ్ళు జనాన్ని ఆ తాడు దగ్గర ఆపాను. ఒక్క రోజు కూడా నాకోసం కట్టిన తాడనుకోలేదు," అన్నాడు. తర్వాత నావైపు తిరగకుండానే, "కోపం పోయిందా?"

"లేదు."

"నాకూ పోలేదు. ఆ ముక్కలు అటు పేర్చు, ఊరికే నిలబడతావేం?"

చీకటి పడేదాకా కట్టెలు పేర్చాను.  వెళ్ళేటప్పుడు లుసియెన్ ఒక జాడీ నిండా ఆప్రికాట్ జాము ఇచ్చింది, మొహం ముడుచుకునే ఇచ్చింది.

విచారణలో మా తప్పు లేదని తేలింది. వౌటర్ ఫిర్యాదు వెనక్కి తీసుకోలేదు, కొట్టేశారు. కుడివైపు మిగిలిన మంచుని ఎండ మెత్తబరిచాక మార్చి రెండో వారంలో మేకల లోయ తెరిచాం. ముందు నేనే దిగి చూశాను. తెరిచిన గంటకి వాలంతా గీతలే. ఎక్కడ విరిగిందో, ఎక్కడ తవ్వామో చూపించమంటే నేనైనా చూపించలేను. తాడు చుడుతుంటే ఒకావిడ ఆగి, ఇంత మంచి వాలుని ఇన్నాళ్ళు ఎందుకు మూసి ఉంచారు, సిగ్గుగా లేదూ అని అడిగింది.  ఎండ బాగుంది, వెళ్ళిరండి అన్నాను.

ఏప్రిల్లో లిఫ్టులు ఆగాక, వచ్చే శీతాకాలం ఒప్పందం మీద సంతకానికి మదాం గిరో పిలిచింది. మేకల లోయ మూసిన రోజు తాడు దగ్గర ఇద్దరుండాలి, ఇద్దరు లేకపోతే కుర్చీ లిఫ్టు ఆపాలి, అది కాగితం మీద ఉంటేనే సంతకం అన్నాను. ఆవిడ గొంతు తగ్గించి, లిఫ్టు ఆపడం చిన్న విషయం కాదు ఒడీల్ అంది. తెలుసన్నాను. కుర్చీలోంచి కదల్లేదు. అరగంట పట్టింది. చివరికి పెన్ను తీసుకుని మార్జిన్‌లో రాసింది, 'వీలైనంతవరకు' అని ముందు చేర్చి. ఆ మాట కొట్టేయమన్నాను. కొట్టేసింది. డిసెంబరులో మొదటి పెద్ద మంచు పడ్డాక, ఎంతవరకు నిలబడుతుందో చూడాలి. ప్రస్తుతానికి ఆవులు ఎదురుచూస్తున్నాయి, పై మేతల్లో కంచెలన్నీ మంచుకి విరిగిపోయాయని అన్నయ్య ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు.